బండి కాగితంలో మూడో మనిషి

నా చిన్నప్పుడు మా ఇంట్లో ‘థర్డ్’ అనే మాట వింటే మా బాపుకు చిన్నతనంగా ఉండేది. రైల్లో థర్డ్ క్లాసు అంటే చెక్క బల్లలు, తోపులాట. పరీక్షల్లో థర్డ్ క్లాసు అంటే ఏదో గట్టెక్కినట్టు లెక్క. అందుకే బాపు ట్రాక్టరు కొన్నప్పుడు బీమా కాగితం మీద ‘థర్డ్ పార్టీ’ అని ఉందని ఎవరో చదివి చెబితే ఆయన ముఖం మాడిపోయింది. మనకు తాహతు లేదు కాబట్టి నాసిరకం బీమా అంటగట్టారని ఆయన నమ్మకం. ఆ కాగితాన్ని మడిచి బట్టల పెట్టెలో అడుగున పడేశాడు. ఎవరైనా అడిగితే, మనది థర్డ్‌ది, దేనికీ పనికిరాదని తానే ముందుగా చెప్పి నవ్వేవాడు. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు.

మాది వర్నికీ బోధన్‌కూ మధ్య ఊరు. చెరుకు నరికే రోజుల్లో చక్కెర ఫ్యాక్టరీ నుంచి పర్మిటు చీటీ వస్తే, ఆ రోజే చెరుకు అక్కడి తూకం కాంటాకు చేరాలి. ఆలస్యమైతే గడలు ఎండి తూకం తగ్గిపోతుంది. ఆ తొందర మా బాపుకు పిచ్చిలా పట్టేది. నాకు తొమ్మిదేళ్ళు. అలా పర్మిటు వచ్చిన ఒక రోజు బడి లేదు. ఏడ్చి గోల చేసి ట్రాక్టరు ఎక్కాను, బాపు పక్కన మడ్‌గార్డు మీద కూర్చున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ ఏడుపు మీదే నాకు కోపం.

కాలువ దాటాక ఎదురుగా సైకిలు మీద ఒకాయన వచ్చాడు. బాపు ట్రాక్టరును కొంచెం పక్కకు తీశాడు గాని, ట్రాలీ నిండా పక్కలకు పొడుచుకొచ్చిన గడల సంగతి మరిచిపోయాడు. వెనక ఏదో చప్పుడైంది. నేను తిరిగి చూశాను. సైకిలు రోడ్డు మీద, ఆయన పక్కనున్న గుంతలో ఉన్నాడు. ట్రాలీ చక్రం కాలి మీదుగా పోయిందని నాకు అప్పుడు తెలియదు. చెయ్యి మాత్రం పైకి లేచింది. బాపు కూడా చూశాడు. ఒక్క క్షణం ట్రాక్టరు నెమ్మదించింది, మళ్ళీ వేగం అందుకుంది.

“పడ్డడు, లేస్తడు. నువ్వేం సూడలే బిడ్డా, ఇనవడ్డదా?” అన్నాడు. నేను తల ఊపాను.

ఆ తర్వాత మూడు రోజులు నాకు బువ్వ దిగలేదు. దిష్టి తగిలిందని మా అవ్వ ఉప్పు తిప్పి పోసింది. నాలుగో రోజు హోటలు దగ్గర కబురు తెలిసింది. పక్క ఊరి మనిషిని ఏదో బండి కొట్టి పోయిందట, పొద్దుగూకే దాకా గుంతలోనే పడి ఉన్నాడట. ఎడ్ల బండి వాళ్ళెవరో చూసి తీసుకుపోతే ఇప్పుడు నిజామాబాదులో పెద్దాసుపత్రిలో ఉన్నాడట. భార్య బీడీలు చుడుతుంది, ముగ్గురు పిల్లలు. ఏ బండో ఎవరికీ తెలియదు.

ఆ రోజు ఆదివారం. మా పక్కింటి అక్క బోధన్‌లో ఒక వకీలు సాబు దగ్గర టైపు కొట్టేది, ఆదివారాలు ఇంట్లోనే ఉండేది. బాపు పెట్టె అడుగు నుంచి కాగితం తీసి ఆమె దగ్గరకు నడిచాడు. వెనకాలే నేను. తన దోస్తు ఒకాయన అడగమన్నాడని, ఈ థర్డ్‌ది ఎందుకైనా పనికొస్తుందా అని ఎటో చూస్తూ అడిగాడు.

అక్క నవ్వలేదు. మూడు పీటలు తెచ్చి వాకిట్లో వేసింది. “గీ పీట మీద నువ్వు కూసో కాకా, బండి నీది. గీ దాని మీద నేను, బీమా కంపెనీ అనుకో. మనిద్దరం కాగితం రాసుకున్నం. గని రాసుకున్నది నీ కోసం కాదు, నా కోసం కాదు. గా మూడో మనిషి కోసం. థర్డ్ అంటే గదే.” తర్వాత ఖాళీ పీట చూపించి, ఆటకు పిలిచినట్టు నన్ను అడిగింది. “గీడ ఎవలు కూసోవాలె, సెప్పు బిడ్డా?”

నాకు తెలిసిన మూడో మనిషి ఒక్కడే.

“సైకిలాయన,” అన్నాను.

అక్క నా వంక, బాపు వంక చూసింది. మా బాపు పీట మీదే మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చాడు. మా బాపు ఏడవడం నేను చూసింది అదే మొదలు.

అక్క తిట్టలేదు. నీళ్ళిచ్చి, మెల్లగా చెప్పింది. “ఎవలు కొట్టిండ్రో తెల్వకుంటే గాయన ఎవలిని అడగాలె కాకా? నువ్వు పేరు సెప్తేనే గీ కాగితం గాయనకు అక్కరకొస్తది.”

“జేల్ల ఏస్తరా?” అన్నాడు బాపు.

“కేసైతది. ఆగకుంట పోయినవ్ సూడు, గది నీ మీదనే ఉంటది. గది కంపెనీ మొయ్యదు.”

ఆ మధ్యాహ్నమే బాపు కాగితం, లైసెన్సు జేబులో పెట్టుకుని ఠాణాకు పోయాడు. తోడుగా అక్క వెళ్ళింది. తర్వాత కోర్టు, వాయిదాలు, జరిమానా, ఊళ్ళో తలవంపులు, అన్నీ అయ్యాయి. ఏళ్ళు గడిచాక కంపెనీ సైకిలాయనకు నష్టపరిహారం ఇచ్చింది. వాళ్ళు ఇంటి ముందు చిన్న కిరాణా కొట్టు పెట్టుకున్నారు. థర్డ్‌ది దేనికీ పనికిరాదని బాపు మళ్ళీ ఎప్పుడూ అనలేదు.

కథ ఇక్కడితో ఆగితే బాగుండును. కాని ఠాణాకు పోయిన మర్నాడు బాపు ఆసుపత్రికి వెళుతూ నన్నూ తీసుకుపోయాడు. సైకిలాయన కాలు మోకాలి కింద తీసేశారు. గాయంలో మురుగు చేరిందని, వెంటనే తెచ్చి ఉంటే కాలు దక్కేదేమోనని డాక్టరు చెప్పాడు. బాపు మంచం పట్టె పట్టుకుని నిలబడ్డాడు. ఆయన బాపును చూడనే లేదు. నన్ను చూశాడు.

“నువ్వు ఎన్కకు మర్లి సూసినవ్ గద బిడ్డా. నేను సెయ్యెత్తిన. ఇగ ఆపుతరనుకున్న.”

కోపంగా అని ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్నేమో. మామూలుగా, నీకు గుర్తుందా అన్నట్టు అన్నాడు.

ఇప్పుడు నా మోకాళ్ళు నొప్పులు పెడుతున్నా స్కూటరు నడుపుతాను. దాని బీమా గడువు ఒక్క రోజు కూడా దాటనివ్వను. థర్డ్ పార్టీ కడితే మనకేమొస్తుంది అని ఎవరైనా అంటే గట్టిగానే తగులుకుంటాను, మా పిల్లలు నన్ను చూసి నవ్వుతారు. అక్క నేర్పింది అంతవరకు పనికొచ్చింది. మిగిలింది ఎవరూ నేర్పలేదు. తొమ్మిదేళ్ళ పిల్లవు, నీకేం తెలుసని అప్పట్లో అందరూ సముదాయించారు. నాకు తెలుసు. బాపు భుజం నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. ఒక్కసారి పట్టి కుదిపి ఉంటే ట్రాక్టరు ఆగేది.