దొమితీల చేపకు నీళ్ళు తాగించిందా?

దొమితీల ఉప్పుచేపకు నీళ్ళు తాగించి, బరువు పెంచి అమ్మిందని మా పేటలో ఇంకా అంటున్నారు. మా సమోరా ఊరి బజారులో ఆమె ఉప్పుచేపల కొట్టు తలుపు దించేసి, "అద్దెకు ఇవ్వబడును" అని కాగితం అంటించి నెల దాటింది. అయినా ఆ మాట మాత్రం ఆగలేదు. నేను చదివింది నాలుగో తరగతే. కానీ ఎవరింట్లో ఏం ఉడుకుతోందో తెలిస్తే గాని నిద్ర పట్టని మనిషిని. ఈ సంగతి చివరిదాకా తెలిసింది నాకొక్కదానికే కాబట్టి నేనే రాస్తున్నాను. కొట్టే పోయాక ఇంకేం దాచేది, రాసుకోమని ఆమే అంది.

మా బకలావ్ చేప ఉప్పులో ఊరి, చెక్కలా బిగుసుకుని వస్తుంది. రోజుకు మూడుసార్లు నీళ్ళు మారుస్తూ రెండు రోజులు నానబెట్టాలి. ఎప్పుడు తీయాలో గడియారం చూసి చెప్పలేం. చేప మందాన్ని బట్టి ఉంటుంది. దొమితీలకు తల్లి నేర్పిన పద్ధతి ఒక్కటే: మందంగా ఉన్నచోట చిన్న రేకు తుంచి, పచ్చిదే నాలుక చివర పెట్టుకుని కళ్ళు మూసుకోవడం. ముప్ఫై ఏళ్ళపాటు ఆమె కళ్ళు తెరిచి "అయింది" అంటే అయినట్టే. మాంసం ముట్టని తపస్సు కాలం శుక్రవారాల్లో శనగలు, పాలకూర వేసిన పులుసులో ఆమె చేప పడిందంటే నేను ఉప్పు డబ్బా మూత తీసేదాన్ని కాదు. గుడ్ ఫ్రైడే భోజనానికి, ఆ రోజు ఊరేగింపు జరిపే సంఘం వాళ్ళు కూడా ఏటా ఆమె దగ్గరే కొనేవారు. ఆ బేరం ఉన్నంతకాలం కొట్టు ఉంటుందని దొమితీల చాలాసార్లు నాతో అంది.

ఈ జనవరిలో ఆమెకు జ్వరం వచ్చి పది రోజులు కొట్టు తీయలేదు. తిరిగి వచ్చాక ఒక కొత్త అలవాటు పట్టుకుంది. బజారుకు ఎవరొచ్చినా "ఆఖరెవరు?" అని అడిగి, వాళ్ళ వెనక నిలబడడం మా మర్యాద. దొమితీల మాత్రం "మొదటెవరు?" అని అడిగి, ఆ మనిషి చేతిలో ఒక రేకు పెట్టడం మొదలుపెట్టింది.

"రుచి చూడు తల్లీ. సరిపోయిందా?"

"జ్వరం తగిలాక దీని చెయ్యి పెద్దదైందే! ఇంకో నాలుగు రోజులు కాస్తే చేపంతా పంచిపెట్టేది," అని వెనక మేం నవ్వుకునేవాళ్ళం.

రోజూ వరసలో మొదటి మనిషి ఓబ్దూలియా. మా ఎదురింటి ముసలావిడ, ఇంట్లోవాళ్ళకు చేప కొనాలని బజారు గేటు తీసేవాడికంటే ముందే వచ్చి నిలబడుతుంది. రక్తపోటని డాక్టరు ఆవిడకు ఉప్పు మానిపించి పదేళ్ళయింది. వెల్లుల్లి చారు కూడా చప్పగానే తాగుతుంది. రొట్టె తిన్నా ఉప్పెక్కువైందనే నోరు ఆవిడది.

"అమ్మో, సముద్రాన్ని మింగినట్టుందే!" అనేది మూతి ముడుచుకుని.

దొమితీల మొహం పాలిపోయేది. తొట్టి లోపలికి ఈడ్చుకెళ్ళి నీళ్ళు మార్చేది. "మధ్యాహ్నం రండమ్మా" అని మమ్మల్నందరినీ పంపేసేది. మధ్యాహ్నానికి ఆ చేప ఉబ్బిపోయి, నోట్లో పెడితే తడిసిన దూదిలా ఉండేది. తూకంలో మాత్రం బరువు.

"పెనం మీద వేస్తే సగం నీళ్ళే! కావాలనే తాగిస్తోంది," అని మొదట అన్నది ఎవరనుకున్నారు? ఓబ్దూలియానే. తన నాలుక వల్లే ఇదంతా అని ఆవిడకు తెలియదు. వరసలో ఆవిడ వెనకే నిలబడి రోజూ చూస్తున్న నాకూ తట్టలేదు. పైగా ఆ మాటను నాలుగిళ్ళలో నేనూ చెప్పాను.

గుడ్ ఫ్రైడే ఇంకో వారం ఉందనగా, మట్టల ఆదివారానికి ముందు సంఘం పెద్ద సతుర్నీనో వచ్చాడు. ఆఖరెవరో అడిగి బుద్ధిగా నిలబడ్డాడు. తన వంతు రాగానే టోపీ తీశాడు.

"ఈసారికి వద్దులే దొమితీలా. మావాళ్ళు వేరేచోట చెప్పేశారు."

"ఒక్క రేకు రుచి చూడండి బాబూ. మీరే చెప్పండి ఎలా ఉందో."

"రుచి మాట కాదమ్మా. తూకం మోసమని ఊరంతా అంటుంటే సంఘానికి తలవంపులు కదా."

ఆయన వెళ్ళిపోయాడు. ఆమె రేకు పట్టుకున్న చెయ్యి అలాగే చాచి ఉంది. వరసలో ఒక్కరూ ఆ రేకు అందుకోలేదు. నేనూ అందుకోలేదు.

ఆ వారమంతా ఆమె కొట్టు ముందు "ఆఖరెవరు?" అని అడిగే అవసరం ఎవరికీ రాలేదు.

శనివారం పొద్దున ఆమె తొట్లు బోర్లించి కడుగుతోందని తెలిసింది. అప్పటికి నా బుర్రలో ఒక పురుగు తొలుస్తోంది. అందరి నోట్లో పెట్టే ఆ రేకును తన నోట్లో ఎందుకు పెట్టుకోదు? ఫ్లాస్కులో కాఫీ పోసి, పంచదారకు బదులు రెండు చెంచాల ఉప్పు కలిపాను. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది.

దొమితీల చేతులు తుడుచుకుని కప్పు అందుకుంది. చివరి గుక్కదాకా తాగింది.

"ఈ చలికి మంచి పని చేశావక్కా. బాగుంది."

ఇక దాచుకోలేక అడిగేశాను.

"ఒసేయ్ దొమితీలా, నీ నాలుకకు ఏ రుచీ తెలియట్లేదు కదే? మొహమ్మీదే దొంగంటుంటే ఆ ఒక్క ముక్కా చెప్పవేం?"

ఆమె ఖాళీ కప్పు నా చేతిలో పెట్టింది.

"దొంగంటే, పని చేతనైనదే కావాలని పాడుచేసిందని అనుకుంటారు కదక్కా. మా అమ్మ నేర్పిన పనే నాలో లేదని ఎలా చెప్పను? ఇందులో నువ్వు ఉప్పు వేశావు కదూ? నాలుకకేం తెలియలేదు. నేను తాగుతుంటే నీ మొహం ఎలాగో అయిపోయింది. జనవరి నుంచీ నేను ఉప్పు చూస్తున్నది అలాగే, ఎదుటివాళ్ళ మొహాల్లో."