కట్టు విప్పి చూపించమన్నారు

పక్కింటివాళ్ళకి ఫోనొచ్చింది. మా ఇంట్లో ప్రమాదం అక్కడ మొదలైంది.

తొంభైల చివరి సంగతి. తణుకు పక్కన మా ఊళ్ళో, మా వీధి మొత్తానికి ఫోను మా ఇంట్లోనే ఉండేది. వీధిలో అందరూ తమ చుట్టాలకి మా నంబరే ఇచ్చుకున్నారు. ఆ మధ్యాహ్నం అమ్మ అన్నం వార్చడానికి పెట్టింది. మూత పెట్టిన గిన్నెని ఒరగదీస్తే, సలసలా కాగుతున్న గంజి కిందనున్న బేసిన్‌లోకి కారుతోంది. అప్పుడే ఫోను మోగింది. "సత్యవతి గారిని ఒక్కసారి పిలుస్తారాండీ?" అన్నారెవరో. అమ్మ గోడ దగ్గరికెళ్ళి ఆవిడని పిలిచింది. అక్క బాత్‌రూంలో ఉంది. నేను వీధి గదిలో బ్యాంకు పరీక్షకి చదువుతున్నాను, అంటే పుస్తకం తెరిచి ఉంది. పుట్టింటికి వచ్చిన మా అక్క కూతురు సింధు, రెండున్నరేళ్ళది, వంటింట్లోకి వెళ్ళి ఆ గంజిలో కుడిచెయ్యి మోచేతి దాకా పెట్టేసింది.

పిల్ల కేకకి నేను వంటింట్లోకి పరిగెడుతుంటే, ఫోన్ దగ్గర సత్యవతి గారు "ఇక్కడ పిల్లెవరో ఏడుస్తోందే, కాస్త గట్టిగా మాట్లాడు" అంటున్నారు. ఆ మాట నేను చచ్చేదాకా మర్చిపోను.

నీళ్ళు కారిపోతాయి. గంజి అలా కాదు, పట్టుకుని కూర్చుంటుంది. అక్క తడి జుట్టుతోనే పరిగెత్తుకొచ్చి పిల్ల చేతిని కుళాయి కింద పెట్టింది. ఆ రోజు మా ఇంట్లో జరిగిన ఒకే ఒక్క తెలివైన పని అది. అదీ ఎంతోసేపు సాగనివ్వలేదు. కేకలు విని వీధి వీధంతా లోపలికొచ్చింది. "నీళ్ళు పోస్తే బొబ్బలెక్కుతాయమ్మా, తియ్యి తియ్యి" అని ఒకావిడ చెయ్యి లాగేసింది. ఒకరు టూత్‌పేస్టు పూశారు. దాని మీద ఇంకొకరు సిరా పోశారు. నేను స్కూటర్ బయటికి తీసేలోపు దోసెల పిండి కూడా పడింది. పిల్ల చెయ్యి మీద చిన్న కిరాణా కొట్టు తెరిచి మాకు అప్పగించారు.

తణుకులో డాక్టరు గారు ఆ చెయ్యి అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత "పోపు ఒక్కటీ మర్చిపోయారు" అన్నారు. నవ్వలేదాయన. పిల్లకి సెడేషన్ ఇచ్చి అదంతా కడిగారు. కడగడం కాలడం కన్నా ఎక్కువ బాధట. ఈ సంగతి తర్వాత నర్సు చెప్పింది.

"సెకండ్ డిగ్రీ బర్న్. చాలావరకు పైపైనే ఉంది. జాగ్రత్తగా ఉంటే మచ్చ కూడా పెద్దగా ఉండదు. నాలుగు రోజులకోసారి తీసుకురండి, డ్రెస్సింగ్ నేనే మారుస్తాను. మధ్యలో కట్టు విప్పొద్దు. ఇన్ఫెక్షన్ వస్తే కథ మారిపోతుంది."

ఇందులో అర్థం కాని మాట ఒక్కటైనా ఉందా? లేదు. మా ఇంటిల్లిపాదీ తలూపారు.

మర్నాటి నుంచి చూడ్డానికి రావడం మొదలైంది.

మా వైపు సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఒకరింట్లో కష్టం వచ్చిందంటే వెళ్ళి పలకరించకపోతే తప్పు. వచ్చినవాళ్ళకి మర్యాద చెయ్యకపోతే అంతకన్నా తప్పు. ద్రాక్షపళ్ళు, బ్రెడ్డు, హార్లిక్సు సీసాలు వచ్చిపడ్డాయి. పిల్లకేమో గొంతులోకి పాలు కూడా దిగడం లేదు. ఆ బ్రెడ్డంతా నేనే తిన్నాను. వచ్చిన ప్రతివాళ్ళూ కుర్చీలో కూర్చుని, మంచినీళ్ళు తాగి, మా అక్కని మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటే. "అప్పుడు నువ్వెక్కడున్నావమ్మా?" అక్క చెప్పేది. ఇంకొకరు వచ్చేవారు, మళ్ళీ చెప్పేది. కోర్టులో అయినా సాక్షిని ఒక్కసారే బోనెక్కిస్తారు.

తర్వాత రెండో ప్రశ్న. "ఏదీ, ఒక్కసారి కట్టు విప్పి చూపించండి."

దీన్ని ప్రారంభించింది వీరలక్ష్మి అత్తయ్య. మా నాన్నకి వరసకి అక్క. "కళ్ళారా చూస్తేగాని నాకు ముద్ద దిగదే" అంది. అన్నం తినే వచ్చింది, అది వేరే సంగతి. అమ్మ మొహమాటపడింది. "డాక్టరు గారు వద్దన్నారు వదినగారూ" అంది. "డాక్టర్లు అలాగే అంటారు. నా దగ్గర దాచేదేముందే? ఆడపిల్ల, పైగా కుడిచెయ్యి. రేపు ఏ పెళ్ళిచూపుల్లోనో..." అని ఆగింది.

రెండున్నరేళ్ళ పిల్ల. ఇంకా పక్క తడుపుతోంది. దానికి అప్పుడే పెళ్ళిచూపులు.

'దాచేదేముందే' అన్న మాటకి అమ్మ లొంగిపోయింది. కట్టు చివర వదులు చేసి, మోచేతి దగ్గర్నుంచి మెల్లగా విప్పి చూపించింది. అత్తయ్య "అయ్యో నా తల్లీ" అని వంగి, ఏ గుళ్ళోదో విభూతి చిటికెడు తీసి ఆ పచ్చి పుండు మీద చల్లింది. మళ్ళీ చుట్టేశారు.

నేను మందుల కోసం తణుకు వెళ్ళి వచ్చేసరికి ఇదంతా అయిపోయింది. అరిచాను. అమ్మ అంది: "అంత దూరం నుంచి ఎండలో పడి వచ్చిందిరా. చూపించకుండా ఎలా పంపిస్తాం?"

"మజ్జిగ ఇచ్చి పంపించు."

"నీకేం తెలుసురా మర్యాద?"

ఒకరికి చూపించాక ఇంకొకరికి చూపించకపోతే తేడా చేసినట్టు కదా. అంచేత అందరికీ చూపించారు. నేను ఇంట్లో ఉన్నప్పుడు గొడవ చేస్తానని, నన్ను దేనికో ఒకదానికి బజారుకి పంపి మరీ చూపించారు. కట్టు విప్పి చుట్టడంలో అమ్మ ఆసుపత్రి నర్సుని మించిపోయింది. పిల్ల మాత్రం వీధి గేటు చప్పుడైతే చాలు, మంచం కిందకి దూరేది. దానికి అప్పటికే తెలిసిపోయింది, గేటు తీసుకుని ఎవరొచ్చినా తన చెయ్యి కోసమేనని. పెద్దవాళ్ళెవరికీ తెలియలేదు.

నాలుగో రోజు పొద్దున పిల్ల ఒళ్ళు కాలిపోతోంది. కట్టులోంచి వాసన. తణుకు డాక్టరు గారు దాన్ని చూడగానే, "ఇది నేను కట్టిన కట్టు కాదు" అన్నారు. విప్పి చూసి, "ఈ బూడిదేంటండీ?" అన్నారు. అమ్మ చెప్పింది. ఆయన రాజమండ్రి పంపుతూ చీటీ రాశారు. తిడితే బాగుండేదనిపించింది.

మా బావ జంగారెడ్డిగూడెంలో పొగాకు కంపెనీలో పని చేస్తాడు. అక్కడి నుంచి నేరుగా ఆసుపత్రికొచ్చాడు. రాజమండ్రి సర్జన్ గారు మా అందరినీ నిలబెట్టి చెప్పారు. "పైపైన మానిపోవాల్సిన పుండు. ఇన్ఫెక్షన్ వల్ల లోతుకి దిగింది. యాంటీబయోటిక్స్‌తో ముందు అది తగ్గాలి. తర్వాత తొడ మీద నుంచి చర్మం తీసి స్కిన్ గ్రాఫ్ట్ వెయ్యాలి. అసలు భయం అది కాదు. మానేటప్పుడు చర్మం బిగిసి వేళ్ళు లోపలికి ముడుచుకుపోతాయి. కాంట్రాక్చర్ అంటాం. అలా అయితే ఈ పిల్ల పెన్ను పట్టుకోలేదు, అన్నం కలుపుకోలేదు."

బావ ఎప్పుడూ గొంతు పెంచి మాట్లాడే మనిషి కాదు. అమ్మ వైపు చూసి, "ఇంకెవరైనా చూడాల్సినవాళ్ళు మిగిలారాండీ అత్తయ్యగారూ?" అన్నాడు. అంతే. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయింది. నాకు అమ్మ మీద జాలి వెయ్యలేదు. అప్పుడు వెయ్యలేదు.

రాజమండ్రి దూరం కదా, ఇక్కడికెవరొస్తారనుకున్నాను. వచ్చారు. వార్డు గుమ్మం దగ్గర నేను స్టూలు వేసుకుని కూర్చున్నాను. వీరలక్ష్మి అత్తయ్య ద్రాక్షపళ్ళ సంచితో ఎదురుగా నిలబడింది.

"ఏరా, నన్నే ఆపుతావా? చిన్నప్పుడు ఈ చేతులతో నీకు నీళ్ళు పోశాన్రా."

"ఆ చేతులు కడుక్కున్నారా అత్తయ్యా?"

వరండాలో ఎవరో కిసుక్కున నవ్వారు. అత్తయ్య సంచి అక్కడే పెట్టి, "మీ ఇంటి గడప తొక్కితే ఒట్టు" అని వెళ్ళిపోయింది. ఇంతకాలం ఇంత తేలికైన మార్గం ఉందని తెలియక పిల్ల చెయ్యి పాడు చేసుకున్నామే అని నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక్క మనిషికి కోపం తెప్పిస్తే సరిపోయేది. ఆ మాత్రం చెయ్యలేకపోయారు మా ఇంట్లో.

గ్రాఫ్ట్ వేశారు. కొంత పట్టింది, కొంత పట్టలేదు. మళ్ళీ వేశారు. డ్రెస్సింగ్ మార్చే గదిలోకి తల్లిని ఒక్కదాన్నే రానిచ్చేవారు. అక్క లోపల, మేం బయట. పిల్ల "అమ్మమ్మా" అని అరిచేది. లోపల తల్లి పక్కనే ఉన్నా అమ్మమ్మనే పిలిచేది. మా అమ్మ తలుపుకి ఆనుకుని నిలబడి, ఆ అరుపు ఆగేదాకా కదిలేది కాదు. కూర్చోమన్నా కూర్చునేది కాదు.

ఇంటికొచ్చాక మళ్ళీ గేటు చప్పుడైంది. నాన్న స్నేహితుడూ, ఆయన భార్యాను. చాలా పెద్దమనుషులు. కాఫీలయ్యాయి. ఆవిడ పిల్ల వైపు చెయ్యి చాపి, "ఏదమ్మా, ఒకసారి..." అంది. నేను లేవబోయాను. నాకన్నా ముందు అమ్మ లేచింది.

"విప్పనండి" అంది.

"అది కాదు వదినగారూ..."

"ఏమీ అనుకోకండి. ఈ కట్టు డాక్టరు గారు విప్పాలి, లేకపోతే ఎవరూ విప్పకూడదు. ఇంకాస్త కాఫీ పొయ్యమంటారా?"

వాళ్ళేమనుకున్నారో తెలియదు. అమ్మ మాత్రం కాఫీ గిన్నె తేవడానికి వంటింట్లోకి నడిచింది. మా వైపు ఆడమనిషి, ఇంటికొచ్చిన పెద్దవాళ్ళకి, కుర్చీలో కూర్చోబెట్టి కాదని చెప్పడం అంటే ఎంత పనో ఆ రోజు చూశాను. నేను స్టూలు వేసుకుని కాసిన కాపలాతో పోలిస్తే అది చాలా పెద్ద పని.

తర్వాత మొదలైంది అసలు యుద్ధం. ఫిజియోథెరపీ. రాత్రుళ్ళు వేళ్ళు చాపి ఉంచే ప్లాస్టిక్ స్ప్లింట్, పగలు ఒక్కో వేలూ పట్టుకుని వెనక్కి సాగదీయడం. పిల్ల నన్ను కొరికేది. అందుకని వేళ్ళని బస్సు ప్రయాణికుల్ని చేశాను, నేను కండక్టరుని. "తణుకు వాళ్ళు దిగండి!" బొటనవేలు దిగేది. పెరవలి, సిద్ధాంతం, రావులపాలెం... ఒక్కోటీ తెరుచుకునేది. చిటికెనవేలు రాజమండ్రి టికెట్టు. అది నిద్రపోయేది, ఎంత పిలిచినా దిగేది కాదు. "మావయ్యా, తోసెయ్యి" అనేది సింధు, ఏడుస్తూనే.

ఇదంతా జరిగి ఏడేళ్ళయింది. ఇప్పుడు సింధు బళ్ళో చదువుతోంది. కుడిచేత్తోనే రాస్తుంది. అక్షరాలు చూస్తే కోడి కెలికినట్టుంటాయి, దానికి గంజితో సంబంధం లేదు, నా చేతిరాతా అంతే. అన్నం తనే కలుపుకుని తింటుంది. చిటికెనవేలు పూర్తిగా చాచలేదు. మోచేతి దాకా చర్మం ముడతలుగా ఉంటుంది, ఎండలో దురద పెడుతుంది. పెళ్ళిళ్ళలో చుట్టాలెవరో ఒకరు ఇప్పటికీ అడుగుతారు, "ఏదమ్మా, ఆ చెయ్యి చూపించు" అని. అది రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, వాళ్ళ మొహంలోకి చూస్తూ, "ఎందుకండీ?" అంటుంది.

ఇది చదువుతున్నవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. పిల్లలకి కాలితే మామూలు కుళాయి నీళ్ళ కింద చాలాసేపు ఉంచండి, ఎవరు లాగినా తియ్యకండి. ఏమీ పుయ్యకుండా శుభ్రమైన గుడ్డ కప్పి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. కట్టు కట్టాక దాన్ని డాక్టరు తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. చూడ్డానికొచ్చినవాళ్ళని వీధిలోనే కూర్చోబెట్టి మజ్జిగ ఇవ్వండి. వాళ్ళకి కోపం వస్తుంది. రానివ్వండి. అది దానంతటదే మానుతుంది, స్కిన్ గ్రాఫ్ట్ అక్కర్లేదు.