బూర బాబాయి ఎడమ బుగ్గ

బూర బాబాయికి ఒకరి గొప్పలు బాకా ఊదే అలవాటు లేదు. ఆయనకు తెలిసింది నిజమైన బాకా ఊదడమే. పెళ్ళికి ముందు నుంచీ నగర బ్యాండులో ట్రంపెట్ వాయిస్తున్నాడు. కొత్త వంతెన తెరిచినా, పాత మేయరు దిగిపోయినా, ఆటల పోటీలు మొదలైనా బ్యాండు ఉండాల్సిందే. మిగతా రోజుల్లో ఇంటి ముందుగదిలో బల్ల వేసుకుని సొట్టలు పడ్డ బాకాలు సరిచేసేవాడు, బిగుసుకుపోయిన మీటలకు నూనె పెట్టేవాడు. అన్నగారి పిల్లలు ముద్దుగా పెట్టిన పేరు వీధంతా పాకింది. ఆయనకంటే పెద్దవాళ్ళు కూడా బూర బాబాయి అనే పిలిచేవారు.

భార్యది బస్‌స్టేషన్‌లో ఉద్యోగం. మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెబుతుంది. ఆ గొంతు ఇంటికొచ్చాక కూడా ఒక పట్టాన తగ్గదు. కూతురు పరీక్షలకు చదివితే పైకి వినబడేలా చదవాలి, లేకపోతే బుర్రకెక్కదు. అలాంటి ఇంట్లో కంటినిండా నిద్రపోయేది అత్తగారొక్కరే. ఆవిడకు చెవుడు.

ఆ ఏడాది బ్యాండులో రెండో ట్రంపెట్ వాయించే ఆయన రిటైరయ్యాడు. కొత్తవాడు దొరికే దాకా సర్దుకోమన్నారు బ్యాండు మాస్టారు. సర్దుకోవడమంటే ఇద్దరి పాటూ ఒక్కడే పడటం. పైగా కొత్త స్టేడియం ప్రారంభోత్సవం కొన్ని నెలల్లోనే ఉంది. ఆరుబయట, గాలికి ఎదురుగా నిలబడి సాధన. బూర బాబాయి బుగ్గలు పూరించి, ప్రాణం పెట్టి ఊదాడు.

ఒకనాటి ఉదయం గడ్డం గీసుకుంటుంటే కత్తి రోజూ నడిచే దారిలో నడవలేదు. అద్దంలో చూసుకుంటే ఎడమ చెవి కింద నుంచి దవడ దాకా ఉబ్బి ఉంది.

“ఏమే, ఒకసారి ఇటొచ్చి చూడు.”

భార్య వచ్చి, తల అటూ ఇటూ వంచి చూసింది. “రాత్రి నోట్లో ఏమన్నా పెట్టుకుని మింగడం మర్చిపోయారా?”

వీధి చివరి డాక్టరు చూడగానే గవదబిళ్ళలు అన్నాడు. ఈ వయసులోనా అంటే, రోగానికి వయసుతో పనేముంది బాబాయ్ అని మందులు రాసి, రెండు వారాలు ఎవరితోనూ కలవొద్దన్నాడు.

అత్తగారికి లోకంలో ఏ మాటా వినబడకపోయినా గవదబిళ్ళలు అన్న మాట మాత్రం స్పష్టంగా వినబడింది. అల్లుడి కంచం కుర్చీ మీద పెట్టి, ఆ కుర్చీని చేతికర్రతో గదిలోకి తోసింది.

“దగ్గరికి రాకండి అల్లుడుగారూ. ఏదున్నా అక్కణ్ణించే చెప్పండి.”

“ఇక్కణ్ణించి చెబితే మీకు వినపడదు కదత్తయ్యా.”

“ఆఁ? ఏంటీ?”

రెండు వారాలు గడిచేసరికి బుగ్గ మామూలైంది. మందు బ్రహ్మాండంగా పనిచేసిందన్నాడు డాక్టరు. బూర బాబాయి బ్యాండుకు వెళ్ళి కసితీరా ఊదాడు. వారం తిరక్కుండా బుగ్గ మళ్ళీ లేచింది. గవదబిళ్ళలు ఒకసారి వస్తే మళ్ళీ రావు కదా అని కూతురు సందేహపడింది. డాక్టరుకూ అదే సందేహం వచ్చి, పంటి లోపం కావచ్చని పళ్ళ డాక్టరు దగ్గరికి పంపాడు. ఆయన వెనక దవడపన్ను ఒకటి కదుపుతూ చాలాసేపు ఆలోచించి, దీన్ని ఉంచి లాభం లేదని పీకేశాడు. ఆ పుండు మానేదాకా బాకా నోటికి ఆనించలేకపోయాడు. వాపు తగ్గింది. తప్పంతా పన్నుదేనని అందరూ తేల్చేశారు. పుండు మానింది, బాబాయి ఊదాడు, బుగ్గ లేచింది. ఈసారి పన్ను మీద నేరం మోపడానికి అక్కడ పన్ను లేదు.

అలా పెద్దాసుపత్రి సర్జన్ దాకా వెళ్ళింది వ్యవహారం. ఆయన మంచి చేయిగల మనిషని పేరు. కళ్ళజోడు నుదుటి మీదకు నెట్టి, దానికోసమే బల్లంతా వెతుక్కునే రకం. బయట వరండాలో జనం గోల, పైన ఫ్యాను చప్పుడు, ఇటు చూస్తే బూర బాబాయి నోరు సగమే తెరుచుకుంటోంది.

“ఏం చేస్తుంటారు?”

“బ్యాండులో అండీ.”

సర్జన్‌గారికి అది బ్యాంకులో అని వినబడింది.

“బాగా ఒత్తిడి ఉంటుందేమో.”

“మామూలు ఒత్తిడా డాక్టరుగారూ. ఒకాయన రిటైరయ్యాడు. ఇద్దరి పనీ నేనే లాగుతున్నా.”

“కొత్తవాళ్ళని తీసుకోవడం లేదా?”

“తీసుకుంటామంటున్నారు. వచ్చినవాళ్ళకి స్వరాలు రావు.”

 బ్యాంకులో ఈమధ్య ఏవో కొత్త పద్ధతులు వచ్చాయి కాబోలు అనుకున్నారు సర్జన్‌గారు. “సెలవు పెట్టి విశ్రాంతి తీసుకోండి,” అన్నారు.

స్కానింగుకు రోజు దొరికేసరికి వాపు దాదాపు తగ్గిపోయింది. ఫొటోలో చెవి కింద ఉమ్మి ఊరే గ్రంథి కాస్త మందంగా కనబడింది తప్ప ఇంకేమీ తేలలేదు. ఇన్నిసార్లు వచ్చి పోతున్నదాన్ని ఉంచుకోవడం మంచిది కాదు, ఆ లాలాజల గ్రంథి తీసేద్దాం అన్నారు సర్జన్‌గారు. దాచకుండా ఇంకో మాట కూడా చెప్పారు. పెదవిని కదిలించే నరం ఆ గ్రంథి మధ్యలోంచే పోతుంది. ఎంత జాగ్రత్తగా చేసినా కొన్నాళ్ళు పెదవి ఓ పక్కకు లాగవచ్చు. ఒక్కొక్కరికి అలాగే ఉండిపోవచ్చు కూడా.

పెదవే పోతే ఇక ట్రంపెట్ ఎందుకు? అనుకున్నాడు బూర బాబాయి. ఇంటికొచ్చి బాకాను తుడిచి, మెత్తటి గుడ్డలో చుట్టి, పెట్టెలో పెట్టి మూత వేశాడు. భార్య అది చూసింది. మర్నాడు ఆవిడ బస్‌స్టేషన్‌లో, ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఎన్నడూ లేనిది, ఎటో పోవలసిన బస్సును ఇంకెటో పిలిచింది. జనం మూటాముల్లెలతో అటూ ఇటూ పరుగెత్తారు.

ఆపరేషన్ రోజుకు బుగ్గ నున్నగా ఉంది. అంతకుముందు మత్తు ఇవ్వడానికి మనిషి పనికొస్తాడో లేదో చూడాలి. మత్తు డాక్టరమ్మ పొట్టిగా, చలాకీగా ఉంది. ఆమెకు రోగులతో కబుర్లు చెప్పే అలవాటు. చేతిలో ఇమిడే ఒక గొట్టం ఇచ్చి, గుండెలనిండా గాలి పీల్చి ఒక్కసారిగా ఊదమంది. గొట్టం మీద ఒక ముల్లు ఉంది. ఊపిరి ఎంత గట్టిదైతే అది అంత ముందుకు జరుగుతుంది.

బూర బాబాయి ఊదాడు. ముల్లు చివరికి పోయి కొట్టుకుంది.

డాక్టరమ్మ గొట్టం దులిపి చూసింది. “ఇది పాడైనట్టుంది. ఇంకోటి తెస్తానుండండి.”

ఇంకోటి తెచ్చింది. అదీ అంతే. మూడోది పక్క వార్డు నుంచి అడిగి తెప్పించింది. దాని ముల్లు కూడా పోయి చివరనే కూర్చుంది.

“బ్యాంకులో కూర్చుని పనిచేసేవాళ్ళకి ఇంత ఊపిరెక్కడిదండీ?”

“బ్యాంకేంటమ్మా? నాకు బ్యాంకులో ఏం పని?”

“మరి సర్జన్‌గారు చెప్పారే?”

“బ్యాండు తల్లీ, బ్యాండు. నేను బూర ఊదుతాను.”

డాక్టరమ్మ నవ్వబోయి ఆగిపోయింది. ఆయన ఎడమ బుగ్గ వైపు చూసింది. ఇందాక నున్నగా ఉన్న చోట చిన్న ఉబ్బు. దగ్గరికొచ్చి రెండు వేళ్ళతో మెల్లగా నొక్కింది. చర్మం కింద ఎండుటాకుల మీద నడిచినట్టు చిటచిటమంది. ఇంకోసారి నొక్కి, వెంటనే సర్జన్‌గారికి ఫోను చేసింది.

“సార్, మీరొకసారి కిందికి రండి. కత్తి పట్టుకోకముందే రండి.”

ఊది చూపించమని డాక్టరమ్మ అనడంతో, కూతుర్ని ఇంటికి పంపి బాకా తెప్పించారు. ఆసుపత్రి గౌనులో, వెనక ముడి ఊడిపోకుండా భార్య పట్టుకుంటే, బూర బాబాయి మంచం అంచున కూర్చుని స్టేడియం కోసం సాధన చేసిన పాట ఎత్తుకున్నాడు. వార్డులో వాళ్ళంతా లేచి కూర్చున్నారు. పాట సగానికి రాకముందే ఎడమ బుగ్గ అందరి కళ్ళ ముందే పొంగింది. సర్జన్‌గారు ఆయన నోరు తెరిపించి, లైటు వేసి, చెవి దగ్గర నుంచి ముందుకు నిమిరారు. బుగ్గ లోపలి సన్నటి రంధ్రంలోంచి లాలాజలం నురగలా, బుడగలు బుడగలుగా వచ్చింది.

సర్జన్‌గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “లోపల గడ్డా లేదు, గవదబిళ్ళలూ లేవు. గాలి. ఉమ్మి బయటికి రావలసిన దారిలో మీరు గాలిని లోపలికి తోస్తున్నారు. మీ బుగ్గకి మీరే గాలి కొట్టుకుంటున్నారన్నమాట.”

“అంటే కోసేదేం లేదా అండీ?”

“బెలూనుకి గాలెక్కువైతే ఊదడం తగ్గిస్తాం గానీ ఆపరేషన్ చేస్తామా? నీళ్ళు బాగా తాగండి, ఇలా రోజూ నిమురుకోండి. మీరు ఊదే పద్ధతి మాత్రం మార్చుకోవాలి. బుగ్గలు పూరించకూడదు.”

అప్పటిదాకా బింకంగా ఉన్న భార్య గౌను ముడి వదిలేసి కళ్ళు తుడుచుకుంది. గౌను సంగతి ఆ సంతోషంలో ఎవరూ పట్టించుకోలేదు, బూర బాబాయి తప్ప.

కత్తి తప్పింది గానీ కష్టం అప్పుడే మొదలైంది. బుగ్గలు బిగబట్టి, గాలిని పొట్ట లోతుల్లోంచి తేవాలన్నారు బ్యాండు మాస్టారు. మొదట్లో ఆ బాకాలోంచి వచ్చినవి స్వరాలు కావు. దారి తప్పిన దూడ అరుపుల్లా ఉన్నాయి. ఎవరి దూడ ఇంత బాధపడుతోందని పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసి అడిగింది. ఇంట్లో సాధన చేసేటప్పుడు భార్య ఎదురుగా కూర్చుని రెండు అరచేతులూ ఆయన బుగ్గలకు అదిమిపెట్టేది. ఉబ్బితే చాలు, పెద్ద గొంతుతో “బుగ్గ!” అనేది. ఆవిడ డ్యూటీకి వెళ్తే కూతురు ఆ పని చేసేది. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, నాన్న బుగ్గలు పట్టుకుని పాఠం వల్లెవేసేది.

స్టేడియం ప్రారంభోత్సవానికి ఆయన పెదవి ఇంకా దారికి రాలేదు. మాస్టారు ఇబ్బంది పడుతూ పెద్ద డ్రమ్ము చూపించారు. బూర బాబాయి దాన్ని మెడకు తగిలించుకుని, చేతులు నొప్పెట్టేలా బాది వచ్చాడు. ఇంటికొచ్చాక, ఆ వేడుక చూడటానికి వచ్చిన అత్తగారు ఆయన్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

“ఇన్నేళ్ళకి మీరు వాయించేది నా చెవిని పడింది అల్లుడుగారూ. ఎంత బాగా వాయిస్తారో.”

ఆయన ఆవిడ కాళ్ళకు దణ్ణం పెట్టి లోపలికెళ్ళి పడీపడీ నవ్వాడు.

కొన్నాళ్ళకు సర్జన్‌గారి నుంచి కబురొచ్చింది, మెడికల్ కాలేజీలో పిల్లలకు ఒకసారి కనబడమని. మెట్లు మెట్లుగా ఉన్న గదిలో తెల్లకోట్ల మధ్య బూర బాబాయి ఇస్త్రీ చేసిన బ్యాండు చొక్కా వేసుకుని నిలబడ్డాడు. పాత పద్ధతిలో ఊదాడు, బుగ్గ పొంగింది, పిల్లలు వరసగా వచ్చి నొక్కి చిటచిట విన్నారు. సర్జన్‌గారు బ్యాంకు సంగతి దాచుకోకుండా చెప్పేశారు. గది గొల్లుమంది.

“నవ్వండి, పర్లేదు. ఈయన పనిలో ఉన్నప్పుడల్లా వాపు వచ్చింది, పని మానినప్పుడల్లా పోయింది. మేం ముగ్గురం డాక్టర్లం. పోయినప్పుడు మా మందు గొప్పదనుకున్నాం, పన్ను పీకడం గొప్పదనుకున్నాం. అసలు వాపు పోయిన రోజుల్లో ఈయనేం చేయడం లేదో అడగలేదు. ఏం పని చేస్తారని నేను అడిగాను, నిజమే. ఆ పని ఎలా చేస్తారో చూపించమన్నది మాత్రం ఈవిడ.” గుమ్మం దగ్గర నిలబడ్డ డాక్టరమ్మ, నేనూ గొట్టం పాడైందనే అనుకున్నాను సార్ అంది.

మరుసటి ఏడు కొత్త పిల్లలకు చూపించడానికి మళ్ళీ పిలిచారు. బూర బాబాయి ఊదాడు. బుగ్గ కదల్లేదు. ఇంకోసారి ఊదాడు. ఊహూఁ. కొత్త పద్ధతి ఒంట్లో ఇంకిపోయింది.

“కాస్త బుగ్గలు పూరించండి,” అని బతిమాలారు సర్జన్‌గారు.

“పూరిద్దామనే చూస్తున్నా డాక్టరుగారూ. బుగ్గ పొంగబోయేసరికి మా ఆవిడ చేతులు ఇక్కడ ఉన్నట్టే అనిపిస్తోంది.”

పిల్లలు నిరాశపడ్డారు. సర్జన్‌గారు పాఠం ఎలా మొదలుపెట్టాలో తోచక నుదుటి మీది కళ్ళజోడు కోసం బల్లంతా వెతికారు. డాక్టరమ్మకు మాత్రం నవ్వు ఆగలేదు. అంతలో వెనక వరసలోంచి ఒక అమ్మాయి లేచి, “రోగం ఎలాగూ కనబడలేదు కదా సార్, పాటైనా విందాం,” అంది.

బూర బాబాయి సర్జన్‌గారి వైపు చూశాడు. ఆయన గడియారం చూసుకుని, మొదటి బెంచీ మీద పిల్లల పక్కన చోటు చేసుకుని కూర్చున్నారు. బాబాయి బాకాలోని తడి విదిలించి, మంచి హుషారైన పాట ఎత్తుకున్నాడు. తరవాతి క్లాసు తీసుకోవలసిన ప్రొఫెసరు తలుపు తీసి, విసుక్కోబోయి, ఆ పాట పూర్తయ్యేదాకా అక్కడే నిలబడ్డారు. ఇంకోటి వాయించమని అడిగింది కూడా ఆయనే.