జబీనా మేడమ్ తామర కేక

మా డాక్టర్ జబీనా గారికి ఒకటే పిచ్చి. ఎవరు ఏ జబ్బుతో వచ్చినా, హాలంతా దద్దరిల్లేట్టు "తామరా? రా లోపలికి!" అని కేకేసేవారు.

నాయుడుపేటలో ఆమె చర్మవ్యాధుల క్లినిక్‌లో పదకొండేళ్ళు నర్సుగా చేశాను. మొటిమల పిల్లకి తామర, బొల్లి మచ్చల పెద్దాయనకి తామర. మీటరు రీడింగుకొచ్చిన కరెంటాయన్ని కూడా వదల్లేదు.

"నాకే తామరా లేదు మేడమ్!"

"అందరూ అదే అంటారు. మీటరు ఆ మూలుంది, పో."

"ఈమెకి ఇంకో జబ్బు పేరు రాదా ఉషక్కా?" అని జనం నన్నడిగేవాళ్ళు. మేడమ్ పోయినేడు ప్రాక్టీసు మానేశారు. నేనిప్పుడు పనిచేసే చోట తెర మీద నంబర్లొస్తాయి, ఎవరూ అరవరు. నాకేమో తోచదు.

రెండేళ్ళ కిందట వాకాడు నుంచి మాలకొండయ్య అనే వరి రైతొచ్చాడు. కిడ్నీ మార్పిడి జరిగి ఏడాదిన్నర. వెంట భార్య మస్తానమ్మ, మొగుడి వైపు చూడకుండా. హాల్లో సగంమంది వాళ్ళ ఊరోళ్ళే.

"ఏంది మామా, ఇట్టొచ్చినావ్?" అన్నాడొకడు. మాలకొండయ్య వెనక్కి, వీధి గుమ్మం వైపు తిరిగాడు.

"తామరా? రా లోపలికి!"

"ఆ, తామరే, తామరే!" అంటూ ఒక్క ఉరుకులో లోపలికొచ్చాడు.

తలుపు మూశాక మేడమ్ గొంతు పక్కనున్న నాకే సరిగా వినపడదు. మర్మాంగం మీద పుండు, మూణ్ణెల్లుగా మానలేదు. వాడని పూతమందు లేదు. మేడమ్ దూదిపుల్లతో పుండు తడి తీసి పరీక్షకి పంపారు. తర్వాతి వారానికి రిపోర్టొచ్చింది. హెర్పిస్, కలయికతో అంటుకునే వైరస్.

"ఎవతి దగ్గర తెచ్చుకున్నాడో అడగండి" అంది మస్తానమ్మ.

"ఎప్పుడొచ్చిందో, ఎవర్నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరమ్మా. పెళ్ళికి ముందే వచ్చి, ఇన్నేళ్ళూ ఒంట్లో నిద్రపోతా ఉండొచ్చు. కొత్త కిడ్నీ నిలవడానికి వేసే మాత్రలు రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గిస్తాయి. అందుకే లేచింది, అందుకే మానట్లేదు."

"నేనూ అదే అనుకోని, పదిరోజులుగా ఆ మాత్రలు సగమే వేస్తుండా" అన్నాడు మాలకొండయ్య.

నేను లోపల కేక విన్నది ఆ ఒక్కరోజే. "కిడ్నీ పోగొట్టుకుంటావా!"

అప్పటికప్పుడు వాళ్ళ కిడ్నీ డాక్టరుకి ఫోన్ చేసి, రక్తపరీక్ష చేయించి, కిడ్నీ తట్టుకునే మోతాదులో ఎసైక్లోవిర్ మాత్రలు రాశారు. వారం వారం పిలిపించి చూశారు. అయిదు వారాలకి పుండు మానింది.

"ఒంట్లోంచి పూర్తిగా పోదు. మళ్ళీ లేవకుండా రోజూ మాత్ర వేసుకోవాల" అని చెప్పి పంపారు.

ఆ సాయంత్రం ఆగలేక అడిగేశాను. "మేడమ్, ఎందుకా కేక?"

"సిగ్గుతో గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయినోళ్ళని చూసినా ఉషా. హాల్లో అందరిదీ ఒకటే జబ్బైతే, ఎవరిదేందో ఎవరికి తెలుస్తాది? నన్ను పిచ్చిదనుకుంటే అనుకోనీ."

ఇంటికి పోదామని బస్సెక్కితే నా ముందు సీట్లో మాలకొండయ్య. మస్తానమ్మ ఆడవాళ్ళ సీట్లు ఖాళీగా ఉన్నా "జరగయ్యా" అని ఆయన పక్కనే కూర్చుంది. మాత్ర చేతిలో పెట్టి సీసా మూత తీసింది.

"నీళ్ళు బాగా తాగమన్నారు గదా, తాగు."

"ఇన్ని తాగితే దార్లో బస్సాపమనాల్సొస్తాది మే!"

"నేనాపిస్తాలే. నువ్వు తాగు."