నడిమి మడికి నీళ్ళు

నిన్న పొద్దున, దోహాలో నర్సుగా పనిచేస్తున్న మా చెల్లెలి కూతురు ఫోను చేసి, ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన ఆరోగ్య బీమా చాలదేమోనని, దాని హద్దు దాటిన ఖర్చుకు పైన ఇంకో బీమా, టాపప్, తీసుకోవాలనుకుంటున్నానని, తను చూసిన రెండిట్లో ఏది మంచిదో చెప్పమని అడిగింది. బీమా సంగతి నన్నడగడమంటే ఈతరానివాణ్ణి ఏటి లోతు అడిగినట్టే. మా ఇంట్లో ఆ విద్య మా ఆవిడది. ఆమె పోయి మూడేళ్ళయింది.

నా ఈడువాళ్ళలో రొయ్యల పనిమీద అరబ్బు దేశాలకు వెళ్ళినవారికి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. మా తోటపల్లి గూడూరులో రొయ్యల గుంటలు తవ్వించి నేర్చుకున్న పనితో నేను మస్కట్టుకవతల ఒక రొయ్యల ఫారంలో చేరి, ఏడాదికి మా ఆవిడనూ తీసుకువెళ్ళాను. కంపెనీ బీమా కట్టింది గానీ దానికొక హద్దుంది. అది దాటితే మన చేతి చమురు వదలాల్సిందే. ఒకనాడు ఏజెంటు రెండు రకాల టాపప్ కాగితాలు తెచ్చాడు, ఒకటి చౌక, ఒకటి కాస్త ప్రియం. మా అందరికీ పెద్ద దిక్కయిన ముత్తుకూరు అన్న చౌకదాని మీద సంతకం పెట్టగానే మిగతావాళ్ళంతా గొర్రెల మందలా అటే నడిచారు. నేను మాత్రం కాగితాలు ఇంటికి తీసుకుపోయాను, జాగ్రత్త కొద్దీ కాదు, పెన్ను రాయక.

మా ఆవిడ చదివింది ఐదో తరగతి. వాళ్ళ నాయన మా ఊరి కాలవ చివర వంతుల వారీగా మళ్ళకు నీళ్ళు పెట్టేవాడు. ఆయన వెంట గట్లమీద తిరిగి పెరిగిన పిల్ల. బియ్యం ఏరుతూనే రెండు కాగితాలూ నాచేత రెండేసిసార్లు తెలుగులో చెప్పించుకుని, చేటలో బియ్యాన్ని చదునుచేసి, కంపెనీది ఇంతవరకే గదా అని వేలితో ఒక గీత గీసింది. చౌకది ఎక్కణ్ణుంచి మొదలవుతుందో అడిగి, జానెడు ఎడంగా ఇంకో గీత గీసింది.

"కాలవ నీళ్ళు ఈడికొచ్చి ఆగిపోతన్నాయి, ఇంజను నీళ్ళు ఆడ మొదలవతన్నాయి. నడిమి మడికి ఎవురు పెడతారు?"

డిప్లొమా చదివిన నా కళ్ళకు ఆ ఎడం ఆనలేదు. ప్రియమైనది సరిగ్గా మొదటి గీత దగ్గరే మొదలవుతుందని తేలాక దానిమీదే సంతకం పెట్టాను. పెళ్ళాం మాట విన్నానని క్యాంపులో కొన్నాళ్ళు నవ్వుకున్నారు.

మరుసటి ఎండాకాలం గుంట గట్టుమీదే కుప్పకూలాను. గుండెకు ఆపరేషన్ అయ్యాక, కంపెనీ బీమా అయిపోయిందని ఆసుపత్రివాళ్ళు చెప్పినప్పుడు, టాపప్ సంగతే మరిచి, ఊళ్ళో ఉన్న ఒక్క ఎకరమూ పోతుందని మంచంమీద కుమిలిపోయాను. మిగిలినదంతా టాపప్పే కట్టింది. తీరా చూస్తే ఆ ఖర్చు ఆమె గీసిన రెండు గీతల నడుమే ఆగింది. చౌకదైతే ఒక్క పైసా వచ్చేది కాదన్నమాట. ముత్తుకూరు అన్న చూడవచ్చి, నన్ను పలకరించకముందే తన కాగితం తీసి ఆమె ముందు పెట్టాడు. ఆ రోజు నాకు ఆమెకు చేతులెత్తి మొక్కాలనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.

నిన్న మా మేనకోడలినీ అదే అడిగాను, నడిమి మడికి నీళ్ళెవరు పెడతారో చూసుకున్నావా అని. ఆ పిల్ల, నడిమి మడి అంటే ఏంది మామయ్యా అంది. చేట లేదంటే పళ్ళెంలో బియ్యం పోయించి, ఫోనులోనే రెండు గీతలూ గీయించాను. ఒకదాంట్లో ఎడం బయటపడింది.

తెలియకపోవడం దాని తప్పు కాదు. అది పుట్టేనాటికే ఆ కాలవ చివరి మళ్ళన్నీ రొయ్యల గుంటలైపోయాయి, వాటిలో సగం నేను తవ్వించినవే. ఆ గట్లే లేకుంటే, ఆ ప్రశ్న మా ఆవిడకైనా ఎక్కడ దొరికేది?