పదీ పదకొండూ పన్నెండూ లేని గడియారం

తిరుపతి కొర్లగుంటలో సుబ్బులమ్మ పూర్తిచేసిన వస్తువును కళ్లారా చూసినవాళ్లు ఒక్కరూ లేరు. మొదలుపెట్టినవి చూసినవాళ్లు మాత్రం ప్రతి ఇంట్లోనూ ఉన్నారు. పాత చీరలతో కాళ్లు తుడుచుకునే పట్టలు, ప్లాస్టిక్ వైరుతో బుట్టలు, పూసలతో గుమ్మానికి తోరణాలు, ఉలెన్ దారంతో నెమళ్లు, పాత శుభలేఖలతో గోడకు అలంకారాలు. ఆవిడ చెయ్యనిదంటూ లేదు. చేసింది అమ్మదు, నవ్వుతూ తెచ్చి చేతిలో పెడుతుంది. పెట్టినదానిలో ఎక్కడో ఒకచోట జానెడు పని మిగిలే ఉంటుంది. అదేమిటని అడిగితే ఆవిడ దగ్గర ఒకటే జవాబు.

"రేపొచ్చి ఏస్తాను లేమ్మా."

ఆ రేపు ఏ క్యాలెండరులోనూ అచ్చయినట్టు ఇంతవరకూ ఎవరికీ కనిపించలేదు.

మూడో ఇంటి గ్రేసీ స్కూలు టీచరు. ఆమెకు సుబ్బులమ్మ ఎరుపూ పచ్చా వైరుతో ఒక బుట్ట అల్లి ఇచ్చింది. బుట్ట దివ్యంగా ఉంది. పిడి మాత్రం ఒకటే ఉంది.

"ఇంకో పిడి యాడక్కా?" అంది గ్రేసీ.

"వైరు అయిపోయినాది. రేపొచ్చి ఏస్తాను లేమ్మా."

"అందాకా ఒక పిడితో మార్కెట్టుకు ఎట్ట పొయ్యేది?"

"బరువుండేటివి ఎందుకు తెస్తావు? కొత్తిమీర తెచ్చుకో, కరేపాకు తెచ్చుకో."

ఆ నెలంతా గ్రేసీ ఇంట్లో కొత్తిమీర పచ్చడే.

టైలరు మునికృష్ణ షాపులో ఉలెన్ నెమలి ఒకటి వేలాడుతూ ఉంటుంది. పక్కకు తిరిగిన నెమలి కాబట్టి దానికి కావలసింది ఒక్క కన్ను. ఆ ఒక్కటీ పెట్టకుండానే సుబ్బులమ్మ దాన్ని గోడకెక్కించి వెళ్లింది. ఏడాది చూసి చూసి, ఎవరో కానిస్టేబులు చొక్కాకు కుట్టగా మిగిలిన గుండీని మునికృష్ణ కన్నుగా కుట్టేశాడు. అప్పటినుంచి ఆ నెమలి షాపులోకి వచ్చిన ప్రతివాణ్ణీ అనుమానంగా చూస్తోంది.

భర్త కుప్పయ్య పోయిన ఈ తొమ్మిదేళ్లలో సుబ్బులమ్మ తిరగని గడప లేదు. ఆవిడ గడప తొక్కినవాళ్లు మాత్రం లేరు. మనిషి ఎప్పుడూ మన ఇంట్లోనే ఉంటే, మనం వాళ్లింటికి పోయి ఎవరిని చూస్తాం?

ఈ సగం పనులను వీధి మొత్తం నవ్వుకుంటూ భరించింది, ఒక్క కృష్ణమూర్తి తప్ప. ఆయన ముప్పైమూడేళ్లు ఆర్టీసీ బస్టాండులో కంట్రోలరుగా మైకు పట్టిన మనిషి. ఏడున్నర కాళహస్తి బస్సు ఏడూ ముప్పై ఒకటికి కదిలిందంటే ఆ పూట ఆయనకు టిఫిను సయించేది కాదు. అలాంటి మనిషికి 'రేపు' అన్నమాట వింటేనే ఒళ్లు మండేది.

రిటైరైన అయిదో నెలలో ఆయన్ని పక్షవాతం తాకి పోయింది. నోటికి ఏమీ కాలేదు, ఆ సంగతి వీధి చివరిదాకా వినిపిస్తూనే ఉంది. కుడిచేతి వేళ్లు మాత్రం ఆయన మాట వినడం మానేశాయి. డాక్టరు మెత్తటి బంతి ఒకటి ఇచ్చి, రోజుకు రెండొందలసార్లు పిసకమన్నాడు.

"డ్రైవర్లను గడగడా వణికించిన చెయ్యి ఇది! చిన్నపిల్లోడి మాదిరి బంతి పిసకాల్నా?" అని కృష్ణమూర్తి దాన్ని కిటికీలోంచి వీధిలోకి విసిరేశాడు. ఎడంచేత్తో.

ఇడ్లీకి స్పూను సరిపోతుంది, అన్నానికీ సరిపోతుంది. రాగిసంగటి దగ్గరే వచ్చింది చిక్కు. ముద్దను వేళ్లతో తుంచాలి, గుంట చెయ్యాలి, పులుసులో ముంచి నోట్లో వేసుకోవాలి. సంగటిని స్పూనుతో తినడమంటే చిత్తూరు జిల్లాలో పుట్టనట్టే. మే నెలలో కార్వేటినగరంలో తమ్ముడు ప్రతాప్ ఇంట్లో గంగజాతర విందు. రెండొందల మంది చుట్టాలు, సంగటి, పొట్టేలు పులుసు. ఇంటి పెద్దవాడు మొదటి ముద్ద తింటేగానీ పంక్తిలో ఎవరూ చెయ్యి పెట్టరు. ఆ పెద్దవాడు కృష్ణమూర్తి.

"నేను రాను," అన్నాడాయన భార్య రుక్మిణమ్మతో. "రెండొందల మంది నడమ స్పూను పట్టుకోని కూసుంటానా? నేను సచ్చినా రాను."

"నువ్వు రాకుంటే మీ తమ్ముడు విందే మానుకుంటాడంట."

"మానుకోనీ."

అన్నాడు గానీ, ఆ మాట అన్నాక ఆయన గోడవైపు తిరిగి చాలాసేపు కూర్చున్నాడు. రుక్మిణమ్మ వంటింట్లోకి పోయి కొంగుతో కళ్లు తుడుచుకుంది. జాతరకు ఇంకా నాలుగు నెలలుంది.

వారం తిరక్కుండా సుబ్బులమ్మ వచ్చింది, చంకలో గోడ గడియారంతో. అట్టముక్క మీద పాత శుభలేఖలు అతికించి, బంగారు రంగు కార్డుతో అంకెలు కత్తిరించి పెట్టింది. ముళ్లు చక్కగా తిరుగుతున్నాయి. ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలున్నాయి. ఆ తర్వాత మైదానం.

"పది యాడక్కా?" అన్నాడు కృష్ణమూర్తి.

"రేపొచ్చి అతికిస్తానప్పా."

"పదకొండూ పన్నెండూ?"

"అవి మాత్రం యాడికి పోతాయి? వాటినీ రేపే. ఇదో, కార్డులూ కత్తెరా ఈడే పెట్టి పోతా ఉండా. మళ్లీ మోసుకోని రావాల్నంటే కష్టం."

ముప్పైమూడేళ్లు టైము చూసి బతికిన మనిషి ఇంట్లో, పదింటికి చిన్నముల్లు ఉత్త అట్టను చూపించడం మొదలుపెట్టింది.

"టైమెంత?" అని హాల్లోంచి అరిచేవాడు.

"తొమ్మిదైపోయినాది. ఆపైన నాకు తెలీదు," అనేది వంటింట్లోంచి రుక్మిణమ్మ.

"ఆ మూడు అంకెలు నువ్వన్నా అతికించగూడదా?"

"నాకు కన్ను ఆనదు."

ఈమె అద్దాలు లేకుండా కందిపప్పులో రాళ్లేరే మనిషి. కృష్ణమూర్తికి అనుమానం రావలసిన చోట కోపం వచ్చింది. అయిదోరోజున ఆయనే కత్తెర పట్టాడు. మొదటి సున్నా ఉర్లగడ్డ దుంపలా వచ్చింది. రెండోది తొక్క తీసిన ఉర్లగడ్డలా వచ్చింది. కత్తెర జారి కిందపడినప్పుడల్లా సుబ్బులమ్మను తిట్టాడు, తిట్టి మళ్లీ పట్టాడు. సంక్రాంతి వెళ్లాక మొదలైన పది, పదకొండు దాటి పన్నెండుకు చేరేసరికి శివరాత్రి వచ్చింది.

ఆవిణ్ణి పిలిపించి చూపించాడు. "సూసినావా అక్కా? నువ్వు రేపు రేపు అంటా ఉండంగానే పని అయిపోయినాది! మా బస్టాండులో ఉండుంటే నిన్ను ఎప్పుడో సస్పెండు చేసుందురు!"

"నాకు మతిమరుపప్పా," అని సుబ్బులమ్మ చెంపలేసుకుంది. "శానా బాగుండాదే! సరే, ఇది సూడు."

సంచిలోంచి పూసల తోరణం తీసింది. ఏడు సరాలు. అయిదు నిండుగా ఉన్నాయి, రెండు వట్టి దారాలు. పక్కన గుప్పెడు పూసల పొట్లం. రేపొచ్చి గుచ్చుతానంది.

కృష్ణమూర్తి పళ్లు కొరికాడు. ఈవిడ పరువు తీయాలంటే తానే గుచ్చి గుమ్మానికి కట్టి, వీధంతా పిలిచి చూపించాలనుకున్నాడు. పగ చాలా పట్టుదలనిస్తుంది. పూస వేళ్లలోంచి జారేది, మంచం కింద దూరేది. ఆయన నేలమీద కూర్చుని, ఆలస్యమైన బస్సును పిలిచినట్టు ఒక్కో పూసను తిడుతూ పిలిచేవాడు. రుక్మిణమ్మ పక్కనుంచే వెళ్లేది గానీ ఒక్క పూసను ఎత్తిచ్చింది లేదు, కన్ను ఆనదు కదా. ఉగాది నాటికి తోరణం గుమ్మానికెక్కింది. ఆ తర్వాత సుబ్బులమ్మ సగం అల్లిన నీలం బుట్ట తెచ్చింది. వైరు ముడి గట్టిగా లాగితేనే నిలుస్తుంది, లేకపోతే బుట్ట ఒరిగిపోతుంది. నెలన్నర ఒరిగింది. ఆపైన నిలబడింది.

జాతర ఇంకా పదిరోజులుందనగా, పూర్తయిన బుట్టను చేత పట్టుకుని కృష్ణమూర్తి బయలుదేరాడు. సుబ్బులమ్మను వాళ్లింట్లోనే, నలుగురూ వినేలా కడిగెయ్యాలని ఆయన ఉద్దేశం. వీధిలో ఎవరూ తొక్కని గడప తొక్కాడు. తలుపు తీసే ఉంది, ఆవిడ పెరట్లో గిన్నెలు తోముతోంది.

లోపల ఆయన నోరు తెరిచి, మూయడం మరిచిపోయాడు. గోడనిండా నెమళ్లు, తోరణాలు, గడియారాలు. అన్నీ పూర్తయినవే. ఒక్క పూస తక్కువ లేదు, ఒక్క ముడి వదులు లేదు. బల్లమీద మూత లేని బిస్కెట్ల డబ్బా ఉంది. అందులో ఎర్రా పచ్చా వైరుతో అల్లిన పిడి ఒకటి, నిండుగా గుచ్చిన పూసల సరాలు రెండు, బంగారు రంగు కార్డుతో కత్తిరించిన పది, పదకొండు, పన్నెండు. సున్నా గుండ్రంగా ఉంది. అలమారలో ఒక బొమ్మ. తలకాయ ఆయన కిటికీలోంచి విసిరేసిన బంతే. దానికి ఉలెన్ మీసం, చేతిలో మైకు.

చేతులు తుడుచుకుంటూ వచ్చిన సుబ్బులమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. "దొరికిపోయినానే," అంది.

"ఏందక్కా ఇది? అన్నీ చేసి పెట్టుకోని, నాతో ఆటలాడినావా?"

"ఆటలు కాదప్పా. మొత్తం చేసేసి, కడాన కొంచెం పీకేస్తాను. చేసేదానికన్నా పీకేదే కష్టం, పానం ఒప్పదు."

"మరి ఎందుకు పీకేది?"

ఆవిడ అలమారలోని బొమ్మను చేతికి తీసుకుంది. "మా ఆయనకూ నీ మాదిరే చెయ్యి పడిపోయినాది. అన్నం కలిపి నేనే పెట్టినా. చొక్కా గుండీలు నేనే పెట్టినా. తల నేనే దువ్వినా. ఆరేండ్లు ఆయన్ని ఒక్క పనీ చెయ్యనియ్యలేదు. ఊరంతా నన్ను మెచ్చుకున్నారు. ఆ చెయ్యి అట్టనే ఒళ్లో పడుండి పోయినాది. దానికి పని లేకుండా చేసింది నేనేనప్పా. నీ బంతి వచ్చి నా వాకిట్లో పడినరోజు అదే మతికొచ్చినాది."

కృష్ణమూర్తి తన కుడిచేతిని చూసుకున్నాడు. బుట్టను అదే పట్టుకుని ఉంది. ఇంటినుంచి ఇక్కడిదాకా తెచ్చింది కూడా అదే. కడిగెయ్యాలని తెచ్చుకున్న మాటలన్నీ పక్కన పెట్టాడు. వేరే సంగతి ఎత్తాడు.

"మరి గ్రేసీ బుట్ట?"

"గ్రేసీకీ వాళ్లత్త కృపారాణికీ ఏడాదిగా మాటల్లేవు. పిడి అల్లాలంటే ఒకరు పట్టుకోవాల, ఒకరు లాగాల."

"అల్లినారా?"

"మూడుతూర్లు అల్లి మూడుతూర్లు పీకినారు, ఎవరి ముడి సరైందో తేలక. మాటలైతే వచ్చినాయి. ఆ మాటలు ఇనేదానికే బాగలేదు గానీ, వచ్చినాయి."

"టైలరు నెమలి కన్ను?"

సుబ్బులమ్మ నాలిక కరుచుకుంది. "అది నిజంగానే మర్సిపోయినానప్పా."

జాతరనాడు కార్వేటినగరంలో మొదటి విస్తరి ముందు కృష్ణమూర్తి కూర్చున్నాడు. పొగలు కక్కుతూ సంగటి ముద్ద వచ్చి పడింది. రెండొందల మంది చేతులు విస్తళ్ల పక్కన ఆగి ఉన్నాయి. ఆయన వేళ్లు మెల్లగా ముద్దమీదికి దిగాయి, తుంచాయి, గుంట చేశాయి. మొదటి ముక్క జారి పులుసులో పడి, ప్రతాప్ తెల్లచొక్కా పాడైంది. రెండో ముక్క నోటికి చేరింది.

"పులుసు ఎట్టుండాదన్నా?" అన్నాడు ప్రతాప్, చొక్కామీది మరక తుడుచుకోకుండానే.

"ఉప్పు తక్కువ," అన్నాడు కంట్రోలరు. పంక్తి కదిలింది.

నాలుగు నెలలుగా కన్ను ఆనని రుక్మిణమ్మ, పందిరి ఆ చివర ఆడవాళ్ల వరసలోంచి, మొగుడు రెండో ముద్ద అడిగి వేయించుకోవడం స్పష్టంగా చూసింది. సంచిలో దాచి తెచ్చిన స్పూనును అడుగుకు తోసేసింది.

మూడోరోజు కృష్ణమూర్తి మళ్లీ సుబ్బులమ్మ గడప తొక్కాడు. తానే మొదలునుంచీ అల్లిన తెల్లటి చిన్నబుట్ట తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇంకో పిడి యాడప్పా?"

"వైరు అయిపోయినాదక్కా. రేపొచ్చి ఏస్తాను."

"నా ఇంట్లో కట్టలు కట్టలు వైరు ఉండాదే! అయిదు నిమిషాల పని, కూసోని ఏసెయ్!"

ఆయన కూర్చున్నాడు గానీ వైరు ముట్టలేదు. "తొందరేముండాది? కాఫీ ఇస్తావా?" అన్నాడు. తొమ్మిదేళ్ల తర్వాత ఆ ఇంట్లో పొయ్యిమీద రెండు గ్లాసుల కాఫీ కాగింది. వెళ్లేటప్పుడు సుబ్బులమ్మ వాకిలిదాకా వచ్చింది. ఒంటి పిడి బుట్ట ఆవిడ చేతిలోనే ఉంది, దాన్ని చూస్తే ఆవిడకు వేళ్లు దురద పెడుతున్నాయి.

"రేపు ఎన్ని గంటలకు వస్తావో అదన్నా సెప్పి పో!"

"పదింటికి."

సరిగ్గా పదింటికి వచ్చాడు. కాఫీ తాగాడు, ఊళ్లోవాళ్లందరి సంగతులూ మాట్లాడాడు. పిడి సంగతి రేపు చూద్దామన్నాడు.