మాది ఫ్యామిలీ కాదేటి?

నా చిన్నప్పుడు మా కొండ మీద సముద్రం చూసినవాళ్లు ఒక్కరూ లేరు. పాడేరులో జీపు దిగి, ఇంకా చాలాదూరం నడిస్తే మా ఊరు. ఆశ్రమ పాఠశాలలో పంతులమ్మ సముద్రం పాఠం చెప్పిన రోజు నుంచి సముద్రం చూపించమని నేను మా మామ్మ ప్రాణం తోడేసేదాన్ని. చివరికి ఒక వేసవిలో ఆవిడ కాల్చిన దుంపలు అడ్డాకుల్లో చుట్టి, మూట కట్టుకుని, నాతో విశాఖపట్నం బస్సెక్కింది.

అక్కడ సముద్రం ఒడ్డునే పిల్లల పార్కు. ఉయ్యాలలు, జారుడుబల్లలు, వాటి వెనక ఇసుక, నీళ్లు. మా ముందు క్యారేజీలు పట్టుకుని వచ్చినవాళ్లందరినీ లోపలికి పంపిన కాపలా మనిషి, మామ్మ మొహం మీది పచ్చబొట్లనీ, చెప్పుల్లేని కాళ్లనీ చూసి కర్ర అడ్డం పెట్టాడు.

“ఇది ఫ్యామిలీలొచ్చే పార్కు. అవతలికి పొండి.”

నాకు సిగ్గేసింది. అతన్ని చూసి కాదు, మామ్మని చూసి. ఆవిడ చెయ్యి వదిలేసి పక్కకి జరిగాను. పోదాం పద అన్నాను.

ఆవిడ కదల్లేదు. “ఎందుకెలిపోవాల? ఆ బోర్డు మీదేటి రాసుందో సదువు.”

గొంతులోనే చదివాను. వినబడలేదంది. రెండోసారి కాస్త పెంచాను, చాలదంది. మూడోసారి వెనకున్నవాళ్లకి కూడా వినబడింది: ‘కుటుంబ సమేతంగా రండి. ప్రవేశం ఉచితం.’

మామ్మ అతని వైపు తిరిగింది. “నాను మామ్మని, ఇది నా మనవరాలు. మాది ఫ్యామిలీ కాదేటి బాబూ?”

అతను కర్ర తియ్యలేదు. మా వెనక చంటిబిడ్డనెత్తుకున్న ఒకావిడ, వీళ్లు వెళ్లాకే మేం వెళ్తామని నిలబడిపోయింది. కాసేపటికి కర్ర పక్కకి జరిగింది.

కాళ్లు నొప్పెట్టేదాకా జారుడుబల్ల ఎక్కి దిగాను. మామ్మ మోకాళ్లలోతు నీళ్లలోకి దిగి, దోసిలితో కాస్త నోట్లో పోసుకుని ఉమ్మేసి, “ఇంతుప్పు ఎవులేసినారే!” అని పగలబడి నవ్వింది. నేను వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. వదిలేసిన సంగతి ఆవిడ ఎన్నడూ ఎత్తలేదు.

బస్టాండుకి వెనక గేటు నుంచి వెళ్తే దగ్గర. మామ్మ అటు రానంది. అదే కాపలా మనిషి ముందు నుంచి, తొందర లేకుండా, తలెత్తుకుని నడిపించింది.

ఇప్పుడు నాకూ ఆవిడ వయసొచ్చింది. భూమి పట్టా కోసం, పిల్లల చదువుల కోసం ఎన్ని గుమ్మాల ముందు నిలబడ్డానో లెక్కలేదు. కొన్నిచోట్ల పనైంది, కొన్నిచోట్ల కాలేదు. కానీ పొమ్మన్న ప్రతివాణ్ణీ ఎందుకని అడిగాను. జవాబు చెప్పేదాకా అక్కడే నిలబడ్డాను. ఇప్పటికీ నిలబడతాను.